కొలత, మాట, పూరణ: సికింద్రాబాదు కట్టడాల త్రిమితీయ లేఖనం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కట్టడాలను లేజర్ కిరణాలతో కొలిచి, కృత్రిమ మేధ సాయంతో వాటికి సమగ్రమైన త్రిమితీయ నమూనాలను రూపొందించే పద్ధతి గత రెండు దశాబ్దాలలో వారసత్వ పరిరక్షణలో ముఖ్యసాధనమైంది. దీనిని కేవలం సాంకేతిక విషయంగా కాక, తెలుగునేలపై రెండు శతాబ్దాలకు పైగా సాగుతున్న కట్టడాల లేఖన చరిత్రలో తాజా ఘట్టంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సికింద్రాబాదును కేంద్రంగా తీసుకుని మెకంజీ సర్వేల నుంచి నాగార్జునకొండ తవ్వకాల మీదుగా నేటి స్కానింగ్ వరకు వచ్చిన మార్పును వివరిస్తుంది. కృత్రిమ మేధ చేసే ‘పూరణ’ను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం ఉపకరిస్తుందని, నమూనాలోని భాగాలకు పేర్లు పెట్టే పనిలో తెలుగు శాఖలకు ప్రత్యక్షమైన పాత్ర ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సికింద్రాబాదు, మెకంజీ, లేజర్ స్కానింగ్, బిందుమేఘం, కృత్రిమ మేధ, పాఠపరిష్కరణ, వృత్తిపదకోశం.

1. ఉపోద్ఘాతం

2022 జనవరి 16 తెల్లవారుజామున సికింద్రాబాదు క్లబ్బు ప్రధాన భవనం అగ్నికి ఆహుతైంది. 1878లో స్థాపితమైన ఆ సంస్థకు చెందిన పాత కట్టడం కొన్ని గంటల్లో మొండిగోడలుగా మిగిలింది. మూడేళ్ల తర్వాత, 2025 ఆరంభంలో, సికింద్రాబాదు రైల్వేస్టేషను పాత భవనాన్ని పునర్నిర్మాణం కోసం కూల్చివేశారు. 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగిన, సుమారు 700 కోట్ల రూపాయల వ్యయంతో తలపెట్టిన ప్రణాళికలో అది ఒక భాగం. మొదటిది ప్రమాదం, రెండవది నిర్ణయం. కారణాలు వేరైనా రెండు సందర్భాలూ చరిత్రకారుని ముందు ఒకే ప్రశ్నను ఉంచుతాయి: కట్టడం పోయిన తర్వాత దాని గురించి మనకు మిగిలే ఆధారం ఏమిటి?

గ్రంథం విషయంలో ఈ ప్రశ్నకు తెలుగు పరిశోధన చాలాకాలం క్రితమే సమాధానం వెతుక్కుంది. మూలం శిథిలమైతే ప్రతి, ప్రతి చెడితే ప్రతికి ప్రతి. కట్టడానికి మాత్రం నిన్నమొన్నటి వరకు అలాంటి ‘ప్రతి’ లేదు. చిత్రం ఉంది, పటం ఉంది, ఛాయాచిత్రం ఉంది, వర్ణన ఉంది. కాని వీటిలో ఏదీ ఆ కట్టడాన్ని అన్ని వైపుల నుంచీ కొలతతో సహా పట్టి ఇవ్వలేదు. త్రిమితీయ స్కానింగ్ తొలిసారి అలాంటి ప్రతిని సాధ్యం చేసినట్లు కనిపిస్తున్నది. అది నిజంగా ప్రతియేనా, లేక కొంత ప్రతి, కొంత కొత్త రచనా అన్నది ఈ వ్యాసం విచారించే విషయం.

2. కొలతతో పుట్టిన ఊరు

సికింద్రాబాదు చరిత్ర సైనిక శిబిరంతో మొదలవుతుంది. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సహాయక సైన్య ఒప్పందం తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు స్థిరపడింది. 1806లో సికందర్ జా పేరిట ఈ ప్రాంతానికి సికింద్రాబాదు అనే పేరు వచ్చింది. ‘లష్కర్’ అన్న మాట నేటికీ ప్రజల నోట, ముఖ్యంగా బోనాల ప్రసంగంలో, ఈ ఊరికి పర్యాయపదంగా నిలిచి ఉంది. సైన్యం ఉన్నచోట పటం ఉంటుంది. పటం ఉన్నచోట కొలత ఉంటుంది.

తెలుగువారి చరిత్ర రచనకు మూలపురుషులలో ఒకడైన కాలిన్ మెకంజీ (1754–1821) ఈ సైన్యంతోనే దక్కనుకు వచ్చాడు. 1790లలో నిజాం రాజ్యంలోని కంపెనీ సేనకు ఇంజనీరుగా ఉంటూ ఆ రాజ్యపు పటాలు తయారుచేశాడు. 1796లో ఆయన వద్ద చేరిన కావలి వెంకట బొర్రయ్య, 1803లో బొర్రయ్య మరణం తర్వాత ఆ పనిని కొనసాగించిన లక్ష్మయ్య, వారితో పనిచేసిన అనేకులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తులు తెలుగు పాఠకులకు సుపరిచితమే. అయితే మెకంజీ సేకరణను మనం సాధారణంగా గ్రంథాల, శాసనాల, స్థానిక చరిత్రల నిధిగా మాత్రమే చూస్తాం. అందులోని రెండవ సగమైన కొలతల, చిత్రాల నిధి మీద తెలుగు పరిశోధన దృష్టి తక్కువగా పడింది.

అమరావతి స్తూపం ఇందుకు మంచి ఉదాహరణ. 1798 ప్రాంతంలో ఆ శిథిలాలను మొదట చూసిన మెకంజీ, భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన (1815) తర్వాత, 1816–17లో తన బృందంతో మళ్లీ అక్కడికి వెళ్లి స్థలపటాన్నీ శిల్పాల చిత్రాలనూ గీయించాడు. ఆ చిత్రాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అప్పుడు చిత్రించిన పలకల్లో కొన్ని తర్వాత కనుమరుగయ్యాయి. వాటికి ఆ చిత్రాలే ఏకైక సాక్ష్యం. మూలగ్రంథం నశించి ఒక్క ప్రతి మాత్రమే మిగిలిన కావ్యం స్థితి వంటిదే ఇది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మెకంజీ బృందం కొలతనూ మాటనూ వేరుచేయలేదు. ఒకరు గొలుసు పట్టి నేలను కొలుస్తుండగా మరొకరు ఆ ఊరి కరణాన్నో అర్చకుడినో అడిగి గుడి ఎవరు కట్టించారో, ఆ మంటపాన్ని ఏమని పిలుస్తారో రాసుకున్నారు. కట్టడం గురించిన జ్ఞానం ఈ రెండింటి కలయిక అన్న అవగాహన ఆ పనిలో అంతర్లీనంగా ఉంది. ఆ అవగాహన వెనుక పాలనావసరమూ అధికారమూ ఉన్నాయన్నది నిజమే. అయినా పద్ధతిగా చూసినప్పుడు నేటి స్కానింగ్ పనులకు ఇది ఒక గీటురాయిగా పనికివస్తుంది.

3. ఛాయాచిత్రం, ముంపు, నమూనా

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో కొలతకు కెమెరా తోడైంది. 1858లో జర్మనీలోని వెట్జ్‌లార్ ప్రార్థనామందిరాన్ని చేతితో కొలుస్తూ పై అంతస్తు నుంచి పడబోయి తప్పించుకున్న ఆల్బ్రెక్ట్ మేడెన్‌బావర్, ఛాయాచిత్రాల నుంచే కొలతలు తీయవచ్చునన్న ఆలోచనను అభివృద్ధి చేశాడు. 1885లో బెర్లిన్‌లో ఆ పనికే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఒకే బిందువు రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసిన చిత్రాలలో కనిపిస్తే, ఆ రెండు చోట్ల మధ్య దూరం తెలిస్తే, త్రికోణమితి ద్వారా ఆ బిందువు స్థానాన్ని లెక్కకట్టవచ్చు. నేటి ఫొటోగ్రామెట్రీకి మూలసూత్రం ఇదే.

సరిగ్గా అదే దశకంలో సికింద్రాబాదులో లాలా దీన్‌దయాళ్ ఛాయాచిత్రశాల వెలసింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన సికింద్రాబాదు, హైదరాబాదు కట్టడాలను గాజు పలకలపై నిలిపాడు. ఆయన చిత్రాలలో 2,857 గాజు నెగటివులు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. దీన్‌దయాళ్ ఉద్దేశం కొలత కాదు, దర్శనం. ఒక భవనాన్ని ఒక చక్కని కోణం నుంచి తీసిన చిత్రం సౌందర్యదృష్టికి చాలు; కొలతకు అది సగమే. ఈ భేదం నేటి చర్చకు ముఖ్యమైనది కనుక దీనిని మళ్లీ ప్రస్తావిస్తాను.

ఇరవయ్యో శతాబ్దిలో తెలుగునేల మీద కట్టడాల లేఖనానికి అతిపెద్ద పరీక్ష నాగార్జునకొండ. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించిన ఆ లోయను 1927–31లో లాంగ్‌హర్స్ట్ కొంతవరకు తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ లోయ అంతా మునిగిపోతుందన్న గడువుతో 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో విస్తృతమైన తవ్వకాలు జరిగాయి. తొమ్మిది కట్టడాలను కొండపైన తిరిగి నిర్మించారు. మరి 14 కట్టడాలకు చిన్న పరిమాణంలో ప్రతిరూపాలు చేశారు. తర్వాత శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి అలంపురానికి తరలించిన పనికీ ఆధారం ముందుగా చేసుకున్న కొలతలే.

త్రిమితీయ నమూనా అన్న భావన తెలుగు ప్రాంతానికి కంప్యూటరుతో రాలేదు. ముంపు భయంతో, ఇటుకతో, రాతితో ముందే వచ్చింది. మారింది సాధనం, కారణం మారలేదు. పోగొట్టుకోబోతున్నామన్న ఎరుకే ఎప్పుడూ కొలతకు ప్రేరణ.

4. కాంతితో కొలత

లేజర్ స్కానర్ పనితీరును స్థూలంగా ఇలా చెప్పవచ్చు. యంత్రం ఒక కాంతికిరణాన్ని గోడ మీదికి పంపుతుంది. అది తగిలి తిరిగివచ్చేందుకు పట్టిన కాలాన్ని లెక్కిస్తుంది. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, సెకనులో శతకోటి వంతు కాలానికి దూరం 15 సెంటీమీటర్లు. మిల్లీమీటరు తేడాను పట్టాలంటే అంతకన్నా నూటయాభై రెట్లు సూక్ష్మమైన కాలాన్ని గుర్తించగలగాలి. కొన్ని రకాల యంత్రాలు కాలానికి బదులు కాంతితరంగపు దశలో వచ్చే మార్పును కొలుస్తాయి. యంత్రం గుండ్రంగా తిరుగుతూ క్షణానికి లక్షలాది బిందువులను ఇలా నమోదుచేస్తుంది. ఒకచోటు నుంచి కనిపించనిది మరోచోటు నుంచి కనిపిస్తుంది. అందుకే అనేక స్థానాల నుంచి స్కాన్ చేసి, ఉమ్మడిగా కనిపించే భాగాల ఆధారంగా వాటిని ఒకదానితో ఒకటి కలుపుతారు. ఇలా ఏర్పడిన బిందువుల రాశిని ‘బిందుమేఘం’ అనవచ్చు.

భవనాల స్కానింగ్‌ను వాడుకలోకి తెచ్చినవారిలో ఇరాక్‌లోని మోసూల్‌లో పుట్టిన ఇంజనీరు బెన్ కాసిరా ప్రముఖుడు. 2001లో బామియాన్ బుద్ధవిగ్రహాల విధ్వంసం తర్వాత, ప్రపంచ వారసత్వ కట్టడాలను స్కాన్ చేసి భద్రపరచడానికి ఆయన 2003లో సైఆర్క్ అనే సంస్థను స్థాపించాడు. ఈ పని విలువను ప్రపంచం గుర్తించిన సందర్భం 2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ మందిరం కాలిపోవడం. కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ అంతకు సుమారు తొమ్మిదేళ్ల ముందు ఆ మందిరాన్ని 50కి పైగా స్థానాల నుంచి స్కాన్ చేసి, వంద కోట్లకు పైగా బిందువులతో దాని ఆకృతిని నమోదు చేశాడు. 2018లో ఆయన మరణించాడు. 2024 డిసెంబరులో మందిరం తిరిగి తెరుచుకుంది. పైకప్పు లోపలి కలప అమరికను ఇద్దరు వాస్తుశిల్పులు అగ్నిప్రమాదానికి కొన్నేళ్ల ముందే దగ్గరగా పరిశీలించి గీసిపెట్టిన చిత్రాలు కూడా ఆ పునర్నిర్మాణానికి అంతే ముఖ్యమయ్యాయి. స్కానర్ ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది. రెండు దూలాలు కలిసే కీలులో లోపల ఏముందో వడ్రంగికి తెలుస్తుంది, కిరణానికి తెలియదు.

మనకు సమీపంలో ఇలాంటి పని హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో జరిగింది. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ అక్కడ పరిరక్షణకు ముందు జరిపిన లేఖనంలో త్రిమితీయ లేజర్ స్కానింగ్‌ను వాడింది. 106 ఎకరాల ఆ ఆవరణలో దశాబ్దం సాగిన పని 2024 జులైలో పూర్తయింది. ఆధునిక కాలపు సిమెంటు పూతలను తొలగించి డంగుసున్నంతో తిరిగి చేసిన పనికి ముందు స్థితి, తర్వాతి స్థితి రెండూ కొలతగా నమోదు కావడం ముఖ్యమైన విషయం. పరిష్కర్త మార్చిన పాఠాన్నే కాక మార్చకముందరి పాఠాన్నీ అధోజ్ఞాపికలో ఇవ్వడం లాంటిదే ఇది.

సికింద్రాబాదుకు వస్తే సమస్యల స్వరూపం మారుతుంది. ఇక్కడి కట్టడాలలో చాలావాటికి అంతటి విశాలమైన ఆవరణ లేదు. 1897లో ప్రారంభమైన గడియార స్తంభం చుట్టూ నిరంతరం వాహనాలు. జనరల్ బజారు పాత ఇళ్ల ముందు దుకాణాల బోర్డులు, తీగలు. కిరణానికి అడ్డు వచ్చిన ప్రతిదీ నమూనాలో ఒక ఖాళీగా మిగులుతుంది. పైభాగాలను డ్రోనుతో తీయవచ్చు గాని, సైనిక ప్రాంతాల సమీపంలో అందుకు అనుమతులు అవసరం. దేశంలో పటాల తయారీపై ఉన్న ఆంక్షలను 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు చాలావరకు సడలించాయి. కంపెనీ కాలంలో సైనిక రహస్యమైన కొలత నేడు చాలామేరకు పౌరుల చేతికి వచ్చింది. అయినా దండు ఊరిలో కొలవడం నేటికీ సైన్యానికి చెప్పి చేయవలసిన పనిగానే ఉంది.

5. కృత్రిమ మేధ చేసే రెండు పనులు

బిందుమేఘం దానంతటది ఏమీ చెప్పదు. అందులోని ప్రతి బిందువుకూ స్థానం ఉంటుంది, రంగు ఉంటుంది. అది స్తంభమో, గోడో, గోడకు ఆనించిన నిచ్చెనో తెలియదు. ఇక్కడ కృత్రిమ మేధ ప్రవేశిస్తుంది. అది చేసే పనులు ప్రధానంగా రెండు: గుర్తింపు, పూరణ.

గుర్తింపు అంటే బిందువులను వర్గాలుగా విడదీసి పేర్లు పెట్టడం. 2017 నుంచి వచ్చిన నాడీజాల పద్ధతులు బిందుమేఘాలను నేరుగా చదవడం నేర్చాయి. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పరిశోధకులు 2012లోనే, గోల్కొండ కోటలోనూ హంపీ ఆలయాలలోనూ ఒక భాగాన్ని ఫోను కెమెరాతో తీస్తే, నెట్‌వర్కు అవసరం లేకుండా దాని వివరణను ఆ ఫోనే చూపే విధానాన్ని రూపొందించారు. ముందుగా తీసిపెట్టుకున్న వేలాది చిత్రాలతో పోల్చి గుర్తించడం దాని ఆధారం. ఇలాంటి ఏ వ్యవస్థకైనా మనుషులు ముందుగా పేర్లు రాసిపెట్టిన నమూనాలు కావాలి. యంత్రం ఆ పేర్లనే తిరిగి చెబుతుంది.

పూరణ అంటే కిరణం చేరని, కెమెరా చూడని భాగాలను ఊహించి నింపడం. 2020లో వచ్చిన నెర్ఫ్ పద్ధతి కొన్ని ఛాయాచిత్రాల నుంచి, ఏ బిందువు ఏ దిక్కు నుంచి చూస్తే ఏ రంగులో కనిపిస్తుందో నేర్చుకుని, ఎవరూ తీయని కోణం నుంచి సైతం ఆ దృశ్యాన్ని చూపుతుంది. 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ అదే పనిని ఎంతో వేగంగా చేస్తుంది. ఇవి చూపే దృశ్యం కంటికి సహజంగా ఉంటుంది. ఉపరితలం కొలత అంత కచ్చితంగా ఉండకపోవచ్చు. ఇక ఒకే పాత ఛాయాచిత్రం నుంచి మొత్తం భవనాన్ని ‘తయారుచేసే’ ఉత్పాదక పద్ధతులు మరో అడుగు ముందుకు వేశాయి. దీన్‌దయాళ్ తీసిన ఒకే ఒక చిత్రంలో భవనం ముందువైపు మాత్రమే ఉందనుకుందాం. వెనుకవైపును యంత్రం ఇస్తుంది. అది ఆ భవనపు వెనుకవైపు కాదు. తాను నేర్చుకున్న వేలాది భవనాల వెనుకవైపుల సగటు. ముందుభాగం సాక్ష్యం, వెనుకభాగం ఊహ. తెరమీద మాత్రం రెండూ ఒకే రంగులో, ఒకే నునుపుతో కనిపిస్తాయి.

6. పూరణ – పాఠపరిష్కరణ దృష్టి

ఈ సమస్య తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. లుప్తభాగాలను పూరించడం మన వాఙ్మయంలో గౌరవనీయమైన రచనావ్యాపారం. నన్నయ అరణ్యపర్వం నాల్గవ ఆశ్వాసంలో విడిచిన భారతాన్ని ఎఱ్ఱన నన్నయ ధోరణినే అనుసరించి, రాజరాజనరేంద్రునికే అంకితంగా పూరించాడు. తాను శేషాన్ని పూరించిన సంగతిని పర్వాంతంలో తెలియజేశాడు. పోతన భాగవతంలో పంచమస్కంధం గంగనది, షష్ఠస్కంధం సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు నారయవి. స్కంధాంత గద్యలలో వారి పేర్లు స్పష్టంగా ఉన్నాయి. పూరణ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఎవరిదో పాఠకునికి తెలుస్తుంది. అందుచేతనే గంగనను గంగనగా, పోతనను పోతనగా చదవగలుగుతున్నాం.

దీనికి భిన్నమైనది ప్రక్షిప్తం. పేరు చెప్పకుండా మూలంలో కలిసిపోయిన పద్యం ఎంత చక్కనిదైనా పరిష్కర్తకు తలనొప్పే. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి అనేక తాళపత్ర ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు రాయించినప్పటి నుంచి తెలుగు పరిష్కర్తల శ్రమలో పెద్దభాగం ఈ రెండింటినీ వేరుచేయడానికే ఖర్చయింది. పూరణకూ ప్రక్షిప్తానికీ మధ్య భేదం నాణ్యతలో లేదు, సంతకంలో ఉంది.

ఈ దృష్టితో చూస్తే కృత్రిమ మేధ నింపిన గోడ తప్పు కాదు. సంతకం లేకుండా నింపిన గోడ తప్పు. కట్టడాల పరిరక్షణరంగం కూడా ఇదే నిర్ధారణకు వచ్చింది. ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగాలని, కొత్తగా చేర్చిన భాగం పాతదాని నుంచి వేరుగా గుర్తించేలా ఉండాలని 1964 నాటి వెనిస్ ప్రకటన నిర్దేశించింది. కంప్యూటరు దృశ్యీకరణలకు ఇదే నియమాన్ని వర్తింపజేస్తూ 2006లో లండన్ ప్రకటన వెలువడింది. నమూనాలోని ఏ భాగం సాక్ష్యం మీద, ఏ భాగం అనుమానం మీద ఆధారపడిందో నమోదు చేయాలన్నది దాని సారం. పరిష్కృత ప్రతిలో కుండలీకరణాల్లో చూపే పాఠం లాగా, పూరించిన ఉపరితలాన్ని వేరే రంగులో చూపడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. కావలసింది ఆ అలవాటు.

తాళపత్రాల చరిత్ర నేర్పే మరో పాఠం మన్నికకు సంబంధించినది. వంద కోట్ల బిందువులకు స్థానాన్నీ రంగునూ భద్రపరచడానికి బిందువుకు 15 బైట్ల చొప్పున చూసినా 15 గిగాబైట్లు అవసరం. పరిమాణం నేటి లెక్కలో పెద్దది కాదు. అయితే ఆ ఫైలును యాభై ఏళ్ల తర్వాత తెరిచి చదవగలగడం వేరే సంగతి. తాటాకు ఎన్ని శతాబ్దాలు నిలిచినా చివరకు మరో ఆకు మీదికి ఎక్కించిన కావ్యమే బతికింది. అంకీయ ప్రతికీ అదే నియమం. ఒకే సంస్థ సొంత రూపంలో కాక, 2011లో ప్రామాణికమైన ఇ57 వంటి అందరికీ తెరిచి ఉన్న రూపంలో దాచి, కాలానుగుణంగా తిరిగి ప్రతి తీసే బాధ్యతను ఏదైనా గ్రంథాలయం స్వీకరించాలి. స్కాన్ చేయడం ఒక వారం పని. కాపాడడం తరాల పని.

7. పేర్ల ప్రశ్న

గుర్తింపు విషయంలో సమస్య మరింత సూక్ష్మం. వారసత్వ కట్టడాల బిందుమేఘాలను యంత్రానికి నేర్పడానికి 2020లో విడుదలైన ఆర్క్ అనే ప్రసిద్ధ ప్రమాణసంచయంలో కట్టడ భాగాలకు పది వర్గాలున్నాయి: కమాను, స్తంభం, అంచుశిల్పం, నేల, తలుపులు–కిటికీలు, గోడ, మెట్లు, వంపు కప్పు, పైకప్పు, ఇతరాలు. అందులోని కట్టడాలు ప్రధానంగా ఐరోపావి. ఆ వర్గీకరణ వాటికి సరిపోతుంది. దానినే యథాతథంగా ఇక్కడికి తెస్తే ఏమవుతుంది? ఆలయంలోని అధిష్ఠానం గోడలోనో ‘ఇతరాలు’లోనో కలుస్తుంది. కపోతం అంచుశిల్పమవుతుంది. ఇంటి ముందరి అరుగు నేలా, మెట్టా? మండువా లోగిలిలో ఆకాశానికి తెరిచిన నడిమి భాగం ఏ వర్గానికి చెందుతుంది? పైకప్పు అన్న ఒక్క మాటలో దూలం, దంతె, వాసం, పెంకు అన్నీ మునిగిపోతాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడాన్ని ద్రోహంగా చెప్పుకునే భాషలో వాసమనే మాటకున్న బరువు ‘పైకప్పు’ అన్న వర్గానికి ఎక్కడిది?

సికింద్రాబాదు కట్టడాలలో ఈ పదజాలం మరింత సంకీర్ణం. తెలుగు మేస్త్రీల మాటలతోపాటు దర్వాజా, కమాను, మెహరాబు, జాలీ వంటి దక్కనీ మాటలు, దండుతోపాటు మద్రాసు రాజధాని నుంచి వచ్చిన తమిళుల నిర్మాణపద్ధతులు, వరండా, పోర్టికో వంటి మాటలు ఇక్కడ కలిసిపోయాయి. ‘మద్రాసు టెర్రస్’ అన్న కప్పు పేరులోనే ఈ ఊరి సగం చరిత్ర ఉంది. ఒక భాగాన్ని ఏ పేరుతో పిలుస్తారన్నది దానిని ఎవరు కట్టారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పే ఆధారం. పేరు పోతే ఆ ఆధారం పోతుంది.

ఇక్కడ తెలుగు శాఖల పని మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటంతో మొదలైంది. ఆ శ్రేణిలోనే బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వాస్తుపదాల సంపుటం వెలువడింది. వడ్రంగులు, తాపీపనివారు, కూలీల నోటి నుంచి నేరుగా సేకరించిన ఆ మాటలను మనం ఇంతవరకు భాషాశాస్త్ర సామగ్రిగానే వాడుకున్నాం. త్రిమితీయ నమూనాలో ప్రతి ఉపరితలానికీ ఒక పేరు కావలసివచ్చిన ఈ కాలంలో అది సిద్ధంగా ఉన్న వర్గీకరణకు పునాది. పదకోశంలో మాట ఉంది, ఆకృతి లేదు. బిందుమేఘంలో ఆకృతి ఉంది, మాట లేదు. మెకంజీ బృందంలో పక్కపక్కన నడిచిన గొలుసూ గంటమూ మళ్లీ కలవవలసింది ఇక్కడే.

8. ముగింపు

పై పరిశీలన నుంచి నాలుగు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి, కట్టడాల త్రిమితీయ లేఖనం తెలుగు ప్రాంతానికి కొత్తగా దిగుమతి అయిన వింత కాదు. అమరావతి చిత్రాలు, నాగార్జునకొండ ప్రతిరూపాలు, కూడవెల్లి తరలింపు దాని పూర్వరూపాలు. అన్నింటికీ ప్రేరణ నష్టం గురించిన ఎరుకే.

రెండు, లేజర్ స్కాన్ ఉపరితలానికి నమ్మదగిన ప్రతి. కట్టడానికి సంపూర్ణమైన ప్రతి కాదు. లోపలి కీలు, వాడిన సున్నం పాళ్లు, అందులో నివసించిన జీవితం దానికి అందవు. వాటిని పనివారి నుంచీ నివాసుల నుంచీ మాటలుగా సేకరించాలి.

మూడు, కృత్రిమ మేధ చేసే పూరణకు పాఠపరిష్కరణ నియమాలు వర్తించాలి. గంగన, సింగన, నారయల వలె పూరణ తన సంతకంతో ఉండాలి. సంతకం లేనిది ప్రక్షిప్తం.

నాలుగు, నమూనాలకు తెలుగు పేర్లు పెట్టే పని ఇంజనీర్లు మాత్రమే చేయగలిగినది కాదు. వాస్తుపదకోశాన్ని ఆధారం చేసుకుని, సికింద్రాబాదులో నేటికీ పాత పద్ధతి తెలిసిన మేస్త్రీలను అడిగి, ఒక్కొక్క భాగానికి తెలుగు, దక్కనీ పేర్లతో పట్టిక తయారుచేయడం ఒక పరిశోధక విద్యార్థి నాలుగైదేళ్లలో చేయగల పని. ఒక్క వీధి ఇళ్లతో మొదలుపెట్టినా చాలు.

క్లబ్బు భవనం కాలిపోయింది, స్టేషను పాత భవనం నేలకూలింది. ఈ నగరంలో నిలిచి ఉన్న కట్టడాలలో తర్వాత ఏది పోతుందో ముందుగా చెప్పలేం. కొలిచే యంత్రాలు వచ్చాయి, ఖాళీలు నింపే యంత్రాలూ వచ్చాయి. అయితే ఆ కట్టడంలో ఏ భాగాన్ని ఏమంటారో చెప్పగల మేస్త్రీలు ఏటికేడు తగ్గిపోతున్నారు. గోడ కూలిన తర్వాత కూడా బిందుమేఘం నుంచి గోడ కొలతను తిరిగి తీసుకోవచ్చు; మేస్త్రీతో పోయిన మాటను తిరిగి ఇచ్చే యంత్రం లేదు. అందువల్ల స్కానర్ వచ్చేదాకా ఆగవలసిన అవసరం తెలుగు పరిశోధకునికి లేదు. అతని వంతు పని ఇప్పుడే మొదలుకావాలి.